నల్లకుంట నుండి తార్నాక దాక: ఒక వీధి చిత్రావళి

మనలో ననేకుల ఇండ్లలో ఛాయాచిత్రముల పుస్తకము ఒకటి యుండును. అందు పెండ్లి యున్నది. పుట్టువెండ్రుకలు తీయించిన నాటి బోడిగుండు బిడ్డ యున్నాడు. తిరుపతి యాత్ర యున్నది. చార్మినారు ముందు బంధువులందఱు వరుసగా నిలువబడిన పటము తప్పక యున్నది. కాని ఆ ఇల్లున్న వీధి లేదు. ఇరువదియేండ్లు ప్రతిదినము నడచిన సందు, పాలప్యాకెట్టు కొనిన డబ్బాకొట్టు, బస్సుకొఱకు నిలిచిన మలుపు, ఇవి యే పటమునందును గానరావు. ఎప్పుడైన కనబడినను పెండ్లికుమారుని భుజము వెనుక, సగము తెగి, అనుకోకుండ కనబడును.

నగరమునందలి సాధారణ స్థలములను పట్టుదలతో, ఒక పద్ధతి ప్రకారము ఛాయాచిత్రములుగ భద్రపఱచుట యెట్లు, అందువలన కలుగు ప్రయోజనమేమి యనునది నేటి ప్రసంగ విషయము. శబ్దమును నమ్ముకొని జీవించువాడు పటములను గూర్చి మాటలాడుట కొంత విచిత్రముగనే తోచవచ్చును. కాని మా వృత్తియే నాకీ చింత పుట్టించినది. ఒకప్పుడు రేడియో నిలయములలో టేపులు ప్రియమైన వస్తువులు. మహావిద్వాంసుని కచేరి నిలిచెడిది. రోజువారి ధరవరలు, వాడుక మాటలు, బజారు చప్పుళ్ళు చెరిపి ఆ టేపుపైననే మఱియొకటి యెక్కించెడివారు. నేడు పరిశోధకులు వచ్చి అడుగునది ఆ చెరిపిన వానినే.

ఈ పని మనము క్రొత్తగా కనిపెట్టినది కాదు. పారిసు నగరములో 1860ల దశకమున పాత సందులను కూల్చి విశాలమైన రాజమార్గములు వేయు సమయమున, కూలిపోనున్న వీధులను ముందుగనే చిత్రించుటకు పురపాలకులు చార్లెస్ మార్విల్ అను ఛాయాగ్రాహకుని నియోగించిరి. అతడు నాలుగువందలకు పైబడిన పటములు తీసెను. లండనులో 1875లో ఒక పాత సత్రము కూల్చబోవుచున్నారని తెలిసి కొందఱు పౌరులు చేరి పాత లండను అవశేషముల చిత్రణకై ఒక సంఘము స్థాపించిరి. 1886 నాటికి నూటయిరువది పటములు వెలువరించి వారు విరమించిరి. వీరందఱికంటె నాకు చేరువగా తోచువాడు యూజీన్ అజే. 1857లో జన్మించి 1927లో గతించిన ఈ ఫ్రెంచివాడు నటుడు కావలెనని ప్రయత్నించి, అది ఫలింపక, బరువైన చెక్క కెమెరాను, గాజుపలకలను మోసికొనుచు ముప్పదియేండ్లు పారిసు వీధులలో తిరిగెను. మెట్ల కమ్ములు, అంగళ్ళ బోర్డులు, గుడ్డపాతల నేరుకొనువారి బండ్లు, ఇవి యతని విషయములు. తన్ను కళాకారుడని చెప్పుకొనలేదు. తాను చేయునవి చిత్రకారులకు పనికివచ్చు ఆధారపత్రములని మాత్రమే బోర్డు కట్టుకొనెను. ఆ వినయము నాకు నచ్చును.

మన హైదరాబాదునకు ఇంతకంటె తక్కువ అదృష్టమేమియు లేదు. 1844లో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరు ప్రభుత్వ కొలువు విడిచి ఛాయాగ్రహణమునే వృత్తిగా గైకొన్న రాజా దీన్ దయాళ్ ఆఱవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికిందరాబాదున స్టూడియో నెలకొల్పెను. ఆయన 1905లో మరణించెను. ఆ సంస్థ గాజు నెగెటివులలో 2857ని 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు కొనిరి. వానిలో నేమున్నదో ఊహించుట కష్టము కాదు: దర్బారులు, వేటలు, దేవిడీలు, సేనలు, అతిథులు. వెల యిచ్చినవారి ముఖమే పలకపై పడును గదా! 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరమును ముంచిన పిమ్మట తీసిన పటములలో మాత్రము సామాన్యుని ఇల్లు మొదటిసారి పెద్దగా కానవచ్చును. అది కూలిన ఇల్లు. నిలిచియున్న నాటి ఇంటిని తీయవలెనని యెవరికిని తోచలేదు.

ఆ వరద తరువాత 1912 మొదలు లియొనార్డ్ మన్ అను ఇంజనీరు ఆధ్వర్యమున నగరమంతయు కొలిచి పటములు గీచిరి. వీధి వీధికి, ఇంటింటికి గుర్తుపెట్టిన ఆ పటములను నగర చరిత్ర వ్రాయువారు నేటికిని విప్పుచున్నారు. అవి పైనుండి చూచిన నగరము. గోడ ఏ రంగుదో, అరుగుపై ఎవరు కూర్చుండిరో చెప్పవలసినది ఛాయాచిత్రము.

ఇక మా వీధికి వత్తును. నల్లకుంటలో బయలుదేరి, విద్యానగరము దాటి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ప్రవేశించి, ఆర్ట్స్ కాలేజీ ముందుగా తార్నాకకు చేరు నాలుగైదు కిలోమీటర్ల దారిని 2012 నుండి నేను వీలైన ఆదివారములందు నడచి, చిత్రించుచున్నాను. మొదట చిన్న కెమెరా; ఇప్పుడు జేబులోని ఫోనే. 2012ను ఎంచుకొనుటకు కారణము కలదు. మెట్రో రైలు పని మొదలైన సంవత్సర మది. తార్నాక కూడలి ఇక ముందువలె నుండదని స్పష్టమైపోయినది.

నల్లకుంటలో కుంట లేదు. పేరే దాని ఛాయాచిత్రము. ఈ నగరములో పేరు మిగిలి నీరు పోయిన తావులు పెక్కు. ఇక్కడికి చేరువనే అంబరుపేటలో బతుకమ్మకుంట అట్లే పేరుగా మిగిలిపోవలసినది. పాత పటములను, రికార్డులను తిరుగవేసి అది కుంటయేయని తేల్చి, త్రవ్వి, 2025లో తిరిగి నీటితో నింపిరి. ఒక స్థలము ఏమైయుండెనో చెప్పు ఆధార మున్నచో ఏమగునో ఈ సంగతి చూపుచున్నది. ఆధారము లేని కుంటలు ప్లాట్లైనవి.

నల్లకుంటను బయటివారు ఫీవరాసుపత్రితో గుర్తింతురు. 1915లో అంటువ్యాధుల వారిని వేఱుగ నుంచు ఆసుపత్రిగా పుట్టి, పిదప ఇక్కడికి తరలివచ్చి, సర్ రొనాల్డ్ రాస్ పేరు ధరించిన సంస్థ యది. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని 1897లో రాస్ కనుగొన్నది సికిందరాబాదుననే. ఆసుపత్రి భవనమునకు పటములు లేకపోలేదు. నేను తీసినవి గేటు బయటివి: కొబ్బరిబొండాల బండి, రోగి బంధువులు కూర్చుండు గోడవార, వానకాలము రాగానే పెరుగు జనము. జూలైలో తీసిన పటమును, జనవరిలో అదే చోట తీసిన పటమును ప్రక్కప్రక్కన నుంచిన, జ్వరముల ఋతువు ఎప్పుడు మొదలగునో లెక్కలు లేకయే తెలియును.

లోపలి సందులలో మార్పు మఱింత వేగముగ జరుగుచున్నది. షాబాదు బండలు పఱచిన ముంగిలి, ఇరువైపుల అరుగులు, సిమెంటు జాలీ కిటికీలు, డాబాపైకి బయటినుండి మెట్లు, ప్రక్క వాటాలో అద్దెకున్న విద్యార్థులు, ఇది ఇక్కడి పాత ఇంటి స్వరూపము. జిల్లాలనుండి విశ్వవిద్యాలయములో చదువుకొనుటకు వచ్చిన ఎన్ని తరములవారో ఈ వాటాలలో కిరసనాయిలు స్టవ్వుపై వండుకొని, మెస్సులలో తిని, పరీక్షలు వ్రాసిరి. ఆ ఇంటి స్థానమున నేడు లేచునది అయిదంతస్తుల అపార్టుమెంటు. అందఱకును నివాసము కావలెను; దానిని నేను దూషింపను. కాని పాత ఇంటిని కూల్చుటకు రెండు దినములు చాలును. నేను తీసిన ఒక సందులో పదునొకండు ఇండ్లకు గాను ఇప్పుడు మూడు మిగిలియున్నవి. వానిలో ఒకదాని యజమాని కుమారుడు విదేశమునుండి వ్రాసి, మా నాన్నగారు అరుగుపై పేపరు చదువుచున్న పటము మీయొద్ద నున్నదని విన్నామండీ, పంపగలరా యని యడిగెను. వారి ఇంట ఆ పెద్దాయన పటములు చాలనే యున్నవి. అరుగు ఉన్నది ఇదొక్కటే.

భవనములు పోవుట కంటికి తెలియును. చిన్న వస్తువులు పోవుట తెలియదు. పసుపుపచ్చని ఎస్.టి.డి. బూతులు జ్ఞాపకమున్నవి గదా! 1990లలో వీధికొకటి యుండెడిది. రాత్రి చార్జీ తగ్గు వేళకు వరుసలో నిలువని విద్యార్థి నల్లకుంటలో లేడు. గోడకు ఎఱ్ఱ అంకెల మీటరు, అద్దాల తలుపు, లోపల ఉక్కపోత. ఇప్పుడు ఆ బూతు లోపలిభాగపు పటము కావలెనని నేను పరిచితుల నెందఱనో అడిగితిని, ఒక్కరియొద్దను లేదు. లోయరు, హయ్యరు పరీక్షలకు తయారుచేయు టైపు ఇన్‌స్టిట్యూట్ల గతియు నదియే. అందఱి కళ్ళయెదుట నున్న వస్తువునే ఎవరును తీయరు. కనుక నేను ఇప్పుడు జిరాక్సు దుకాణములను, కర్రీ పాయింట్లను, ఇస్త్రీ బండ్లను, గేటుకు వ్రేలాడు టూ-లెట్ బోర్డులను తీయుచున్నాను. ఇస్త్రీ బండిలో బొగ్గుపెట్టె ఉన్న పటములు ఇన్ని, గ్యాసు గొట్టమున్నవి ఇన్ని యని లెక్కించుచుండగా ఒక మార్పు చరిత్ర తనంత తానే తయారగుచున్నది.

హుస్సేనుసాగరు నుండి మూసీకి పోవు నాలా ఈ ప్రాంతమునకు దాపుననే పాఱును. 2000 ఆగష్టు 24న, మరల 2020 అక్టోబరులో కుండపోత వానలు పడినప్పుడు నాలా ప్రక్క బస్తీలలో నీరు ఇండ్లలో ప్రవేశించెను. నీరు తీసిన మఱునాడు గోడలపై బురదగీత మిగిలియుండును. వారము లోపల సున్నము కొట్టుదురు, గీత మాయమగును. ఆ గీతప్రక్కన కొలబద్ద నిలిపి పటము తీసి, తేదీతో భద్రపఱచితిమేని నీరెంత యెత్తు వచ్చినదో వాదము లేక తేలును. నష్టపరిహారము కోరు కుటుంబమునకును, కాలువ వెడల్పు నిర్ణయించు ఇంజనీరునకును అది పనికివచ్చు ఆధారము. కళాప్రదర్శనలో పెట్టుటకు ఏమాత్రము అందములేని పటము! నా చిత్రావళిలో దాని విలువయే హెచ్చు.

విశ్వవిద్యాలయ ఆవరణ విషయము వేఱు. బెల్జియము దేశస్థుడైన ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేయగా, 1939 డిసెంబరు 4న ఏడవ నిజాము ప్రారంభించిన ఆర్ట్స్ కాలేజీకి పటముల కొదువ లేదు. పట్టాలు పుచ్చుకొన్నవారు, పెండ్లికి ముందు జంటలు, సినిమావారు అందఱును ఆ మెట్లపైననే నిలుతురు. అంతకు పూర్వము ఈ భూములు కవయిత్రి, కళావతి యైన మహ్‌లఖా బాయి జాగీరులోనివి. ఆమె నాటి మెట్లబావి ఇంగ్లీషు, విదేశీభాషల విశ్వవిద్యాలయపు ఆవరణలో నేటికిని గలదు. 1969లోను, 2009 తరువాతను తెలంగాణా ఉద్యమము ఈ ఆవరణమును కదిపినప్పుడు పత్రికలవారు తీసిన పటములు వేనవేలు. ఉద్యమములేని మంగళవారమునాడు హాస్టలు వెనుక చాయ్ దుకాణములో ఎవరెవరు కూర్చుండిరో చూపు పటము వెదకుడు. అసలు మాటలు జరిగినది అక్కడ. అందువలన నేను ఆర్ట్స్ కాలేజీకి వీపు త్రిప్పి, దాని మెట్లనుండి ఎదురుగ కనబడు దానిని తీయుదును: ఉదయపు నడక వారు, పోటీపరీక్షల పుస్తకముతో చెట్టుక్రింద కూర్చున్న యువకులు, జామై ఉస్మానియా స్టేషను వైపు కాలిబాట.

తార్నాక. 'నాకా' యనగా కాపలా ఠాణా. తోటకు తీగ కంచె, అక్కడొక కాపలా గది యుండుటచే 'తార్ నాకా' యైనదని స్థానికులు చెప్పుదురు. ఇక్కడ నేను ఒకేచోట, ఒకే యెత్తున నిలిచి పలుమార్లు తీసితిని. ఆల్ప్స్ పర్వతములలో మంచునదులు వెనుకకు తగ్గుటను కొలుచుటకు శాస్త్రజ్ఞులు పందొమ్మిదవ శతాబ్దమునుండియు వాడు పద్ధతి యిదియే. 2012 పటములో ఆకాశము విశాలము. 2015లో స్తంభములు. 2017 నవంబరులో నాగోలునుండి రైళ్ళు తిరుగ నారంభించిన వారమున పైన రైలు, క్రింద దానివైపు ఎత్తిన తలలు. 2020 ఏప్రిల్‌లో కోవిడు నిర్బంధమున, ఆవశ్యక సేవవాడనై విధికి పోవుచు తీసిన పటములో ఒక కుక్క తప్ప ప్రాణి లేదు. ఈ నాలుగును ఒకచోట చూచినవారు ముందు స్తంభములను చూతురు. పిమ్మట చెట్లను వెదకుదురు. ఆ తరువాతగాని అసలు సంగతి కనుగొనరు. పండ్లబండ్లు రోడ్డు అంచునుండి వంతెన నీడకు జరిగినవి. నీడ జరిగినకొలది బండియు జరుగును. ఇక చిరునామా సంగతి. పూర్వము చింతచెట్టు దగ్గఱ, సినిమాహాలు ఎదురుగ అనెడివారు. ఇప్పుడు ఫలానా నంబరు పిల్లరు దగ్గఱ యనుచున్నారు.

ఈ పనిలో కష్టమైనది కెమెరా కాదు, మనుష్యులు. హైదరాబాదు తెలుగులో ఫోటో 'తీయరు', 'దించుదురు'. ఒకనాడు పెంకుటింటి ముందు నేను నిలువగా, ముగ్గు వేయుచున్న వృద్ధురాలు లేచి, "ఏంది బిడ్డా, మా ఇల్లెందుకు దించుతున్నవ్? రోడ్డు పెద్దగ చేస్తరా?" అని యడిగెను. "లేదమ్మా, ఊరికే జ్ఞాపకానికి" అంటిని. "జ్ఞాపకానికి మా ఇల్లెందుకయ్యా, నీ ఇల్లు లేదా?" అనెను. న్యాయమైన ప్రశ్న. రోడ్డు వెడల్పు గుర్తు గోడపై పడుటకు ముందు కొలుచువారు, ఫోటో దించువారు వత్తురు. స్థలము కొనగోరు బ్రోకరులును ముందుగా ఫోటోనే దించుకొనిపోవుదురు. కనుక పేదవానికి కెమెరా జ్ఞాపకము కాదు, నోటీసు. వీధినుండి కనబడు కట్టడమును చిత్రించుట 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము తప్పు కాదు. కాని చట్టము అనుమతించినంత మాత్రమున ఒకరి గుమ్మము ముందు మనకు మర్యాద వచ్చునా? నేను ఆదిన పటము తీయక, మఱుసటి వారము నా పాత పటములు అచ్చువేయించి తీసికొనిపోయి చూపితిని. ఆమె వానిలో ఇరుగుపొరుగువారిని ఒక్కొక్కరినే గుర్తించి పేర్లు చెప్పెను; అప్పటికి గోడ మాత్రమే యున్న నా పటము ఇల్లైనది. తుదకు తానే ముగ్గు ప్రక్కన నిలిచి, "ఇప్పుడు దించు" అనెను.

పిల్లల ముఖములు, ఆసుపత్రి గేటువద్ద రోగుల ముఖములు నేను తీయను. మగవాడు ప్రవేశింపరాని వేళలు, తావులు కలవు. దీన్ దయాళ్ అంతటివాడు 1892లో అంతఃపుర స్త్రీలకొఱకు ప్రత్యేకముగ ఒక స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్ల మహిళ నిర్వహణలో నుంచెను. నీళ్ళు వచ్చు గంటలో నల్లా దగ్గఱి బిందెల వరుసను మా చిత్రావళికి తీసియిచ్చినది ఆ సందులోనే నివసించు గృహిణి, తన ఫోనుతో. నేను తీసియుంటిని గదా యనుకొన్న వీధియే, అయినను అంత దగ్గఱగ, అంత నిశ్చింతగ ఆ స్త్రీలు నా ముందు నిలువరు.

ఆసక్తిగల శ్రోతలకు పద్ధతిని గూర్చి కొన్ని మాటలు. దూరదేశములు పోనక్కఱలేదు, మీ ఇంటినుండి మీరు రోజు నడచు దారినే గైకొనుడు. కంటి యెత్తున, నిటారుగ నిలిచి తీయుడు. గోడలు వంగినట్లు పటము వచ్చిన, మఱల అదే కోణమున తీయుట కష్టము. వీధి ఖాళీయగువఱకు వేచియుండవలదు. వీధి యనగా మనుష్యులే గదా. అంగడి బోర్డులోని అక్షరములు చదువవచ్చునట్లు చూచుకొనుడు, ధరలపట్టిక యున్న మఱియు మంచిది. ముప్పదియేండ్ల తరువాత ఆ పటమును చూచువాడు ముందు చదువునది ఇడ్లీ వెలనే. ఉదయము ఎండ పడు వైపు, సాయంకాలము ఎండ పడు వైపు గుర్తుంచుకొనుడు. అదే తావునకు ఏడాదికి రెండుమార్లు, వేసవిలో, వానకాలములో, మరలిపొండు.

పటముకంటె దానిక్రింది మాట ముఖ్యము. రేడియోవాడు గనుక ఇట్లనుచున్నాడని నవ్వవలదు. ఊరు, వీధి, ఏ దిక్కునకు చూచుచు తీసినది, తేదీ, వేళ, కనబడుచున్న వారు ఒప్పుకొన్నచో వారి పేర్లు, ఇవి లేని పటము కొంతకాలమునకు ఎవరిదో తెలియని ఉత్తరమువంటిది. ఫోనులోని పటమునకు తేదీ, స్థలము లోలోపల తమంత తామే నమోదగుచుండును, నిజమే. కాని ఆ పటమును సందేశములద్వారా ఒకరికొకరు పంపుకొన్నప్పుడు ఆ వివరము తఱచు ఊడిపోవును. మూలమును దాచుకొనవలెను, ఒక ప్రతిని ఇంటిలో, ఒక ప్రతిని వేఱొకచోట నుంచవలెను. ఫోను నీటిలో పడును, దొంగ పట్టుకొనిపోవును, అయిదేండ్లకు మారును. ఏటికి ఇరువదియైదు పటములనైన కాగితముపై అచ్చువేయించుట నా యలవాటు. వానిని ప్లాస్టికు సంచులలో గాక, ఆమ్లములేని కాగితపు కవరులలో, గాలి తగులు అలమారలో, నేలకు జానెడు ఎత్తున నుంచుదును. జిగురుతో ఆల్బమునకు అంటింపను. అంటించిన పటమును పిదప తీయబోయిన ముఖము చినుగును. వివరములు వెనుక అంచున మెత్తని పెన్సిలుతో, తేలికగ ఒత్తి వ్రాయవలెను. బాల్‌పెన్ను గీత ముందువైపు ఉబ్బును, సిరా కొంతకాలమునకు కాగితములోనికి ఊరును.